జెండా లేని ఏలుబడి

మన వరంగల్ వాళ్లకు ఒక గొప్ప ఉంది. "మమ్మల్ని ఇంగ్లీషువాడు ఏలలేదమ్మా, మాది నైజాము రాజ్యం" అని. కోస్తా వైపు నుంచి వియ్యాలవారో మరదళ్లో వచ్చినప్పుడు ఈ మాట తప్పకుండా వస్తుంది. వాళ్లేమో "మాకు కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు, బ్రౌన్ దొర నిఘంటువు రాశాడు" అంటారు. మనమేమో "మీరు తెల్లవాడికి పన్ను కట్టారు, మేం కట్టలేదు" అంటాం. భోజనాలయ్యాక చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కాని నిజంగా మనం కట్టలేదా?

సామ్రాజ్యాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్నిచోట్ల వాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చి స్థిరపడిపోయారు. ఆస్ట్రేలియా, కెనడా, న్యూజీలాండు అలాంటివి. అక్కడ భూమి వాళ్లది అయిపోయింది, ముందునుంచీ ఉన్న జనం మూలకు పోయారు. ఇంకొన్నిచోట్ల కాపురానికి కాదు, వసూలుకు వచ్చారు. కలెక్టరు, తాసీల్దారు, కోర్టు, జైలు పెట్టి కూర్చున్నారు. మన గుంటూరు, గోదావరి జిల్లాలు అలాంటివే. మూడో రకం ఒకటి ఉంది. అక్కడ రాజు రాజుగానే ఉంటాడు. ఏనుగు మీద ఊరేగుతాడు, నాణెం మీద పేరు వేసుకుంటాడు. ఖర్చు పద్దు మాత్రం ఇంకొకడి చేతిలో ఉంటుంది. 1947 నాటికి మన దేశంలో అటువంటి సంస్థానాలు అయిదు వందలకు పైచిలుకు ఉండేవి. వాటిలో పెద్దది హైదరాబాదు. మన వరంగల్ అందులో ఒక సుబా.

పద్దు అన్నాను కనుక ఆ లెక్క కొంచెం చూద్దాం. లెక్కలనగానే పక్కన పెట్టేయకండి. ఇంటి ఖర్చు రాసుకునే ఆడవాళ్లకు ఇందులో అర్థం కానిదేమీ లేదు.

1798లో నిజాము ఈస్టిండియా కంపెనీతో ఒక సంధి చేసుకున్నాడు. సైన్య సహకార సంధి అని మన పిల్లలు పాఠంలో చదువుతారు. దాని సారాంశం ఏమిటంటే, కంపెనీ పటాలం హైదరాబాదులో కాపలా ఉంటుంది, జీతాలు నిజాము ఇవ్వాలి. ఇంకెవరినీ కొలువులో పెట్టుకోకూడదు. అంతకుముందు ఉన్న ఫ్రెంచి అధికారుల పటాలాన్ని రద్దు చేయించారు. ఇంటికి కాపలా పెట్టుకున్నాం, జీతం మనమే ఇస్తున్నాం, కాని ఆ కాపలావాడు వినేది పక్కింటాయన మాట. ఎలా ఉంటుందో ఆలోచించండి!

ఆ ఖర్చు కింద 1800లో నిజాము బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. వాటికే దత్తమండలాలని పేరు. ఇచ్చినవాడికి అది దత్తత లాంటిదేమో గాని, వెళ్లిన వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ పేరు బాగాలేదని అక్కడివాళ్లు 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. మంచి పని చేశారు.

అంతటితో ఆగిందా? ఇంకో పటాలం వచ్చింది, దానికి మరో ఖర్చు. నిజాము చేతిలో పైకం లేకపోతే అప్పు ఇవ్వడానికి హైదరాబాదులోనే పామర్ కంపెనీ అని ఒక కొట్టు తెరిచారు. వడ్డీ నూటికి ఏడాదికి ఇరవై నాలుగు, అంటే మన భాషలో రెండు రూపాయల వడ్డీ. కంపెనీ భాగస్వాముల్లో ఒకాయనకు గవర్నర్ జనరల్ ఇంటితో చుట్టరికం ఉంది. పటాలం వాళ్లదే, దాని జీతం కోసం చేసే అప్పూ వాళ్లవాళ్ల దగ్గరే. 1823లో ఆ అప్పు తీర్చడానికి, ఉత్తర సర్కారుల కింద కంపెనీ తనకు ఏటా ఇవ్వవలసిన 7 లక్షల రూపాయల పేష్కష్‌ను నిజాము శాశ్వతంగా వదులుకున్నాడు. అంటే మన శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న దేశానికి వచ్చే అద్దె కూడా పోయిందన్నమాట.

1853లో బాకీ మళ్లీ పేరుకుంటే ఈసారి బేరార్‌ను పట్టుకుపోయారు. బేరార్ అంటే పత్తి పండే నల్లరేగడి నేల. లాంకషైరు మిల్లులకు పత్తి కావలసిన కాలం అది. అప్పు తీరేదాకా మా దగ్గర ఉంచుకుంటాం అన్నారు. చివరకు 1902లో కర్జన్ ప్రభువు ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు. తాకట్టు పెట్టిన గొలుసు ఎప్పటికీ ఇంటికి రాకపోవడం మనలో చాలామందికి తెలిసిన కథే.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి, మనకేమిటి అనవచ్చు. రాజు చేతిలోంచి పోయింది రాజు సంపాదించిన సొమ్ము కాదు గదా. వరంగల్, నల్లగొండ పల్లెల్లో రైతు గడ్డివాము నుంచి వచ్చింది. వసూళ్లను గుత్తకిచ్చారు. గుత్తదారు తన లాభం కూడా రైతు దగ్గరే చూసుకున్నాడు. సాలార్‌జంగు దివానుగా వచ్చి ఆ పద్ధతి మార్చినా, అప్పటికే పాతుకున్న దేశముఖులు, దేశపాండ్యాలు పోలేదు. మామూలుగా రాజు మరీ పీడిస్తే జనం తిరగబడతారన్న భయం ఒకటి ఉంటుంది. కంపెనీ పటాలం కాపలా ఉన్న రాజుకు ఆ భయం ఎందుకు? నా మటుకు నాకు ఈ సంధి చేసిన పెద్ద అపకారం అదే అనిపిస్తుంది, పోయిన జిల్లాల కంటే కూడా.

'దొర' అన్న మాటే చూడండి. కోస్తాలో దొర అంటే తెల్లవాడు. మన పల్లెల్లో దొర అంటే గడీలో ఉండేవాడు. మాట ఒకటే, మొహం వేరు. ఆ గడీలకు చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, కూలి లేదు. దాని పేరు వెట్టి. 1923లో నిజాము వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చాడు, అది కాగితం మీదే ఉండిపోయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంట తానే కోసుకుంటానని విస్నూరు దేశముఖుకు ఎదురు నిలిచింది 1940లలో. ఆమె ధైర్యం ఊళ్లకు ఊళ్లకు పాకింది. మన కోటలో జెండా ఎగరేసినందుకు 1946 ఆగస్టులో బత్తిని మొగిలయ్యను రజాకార్లు చంపారు. దేశానికి 1947లో వచ్చిన స్వాతంత్ర్యం మనకు 1948 సెప్టెంబరు 17 తర్వాత గాని రాలేదు. ఇంగ్లీషువాడు ఏలలేదని గొప్ప చెప్పుకునే మనమే ఏడాది ఆలస్యంగా బయటపడ్డాం.

హైదరాబాదు కోఠీలో రెసిడెన్సీ భవనం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎత్తయిన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. కంపెనీ తరఫున నిజాము దర్బారులో కూర్చున్న రెసిడెంటు ఇల్లు అది. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు మొదలుపెట్టించాడు, పైకం నిజాముదే. ఈ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు గొప్పింటి పడుచు ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఇద్దరు పిల్లలు. 1805లో కొడుకు అయిదేళ్లవాడు కూడా కాకుండానే, ఇంకా చిన్నదైన కూతురితో పాటు చదువు కోసమని ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపించారు. అక్కడ వాళ్లకు కొత్త పేర్లు పెట్టారు. కొద్దికాలానికే తండ్రి కలకత్తాలో పోయాడు. తల్లి మళ్లీ పిల్లల మొహం చూడలేదు, 1813లో చిన్న వయసులోనే కన్నుమూసింది. కూతురు కిట్టీ పెద్దదై, 1841 ప్రాంతంలో హైదరాబాదులో ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, మనవరాలికి పారశీకం రాదు. మధ్యలో ఎవరో చదివి చెప్పాలి. ఆ ఇంట్లోనే 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడిచింది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మది.

ఇక రైలు సంగతి. కాజీపేట జంక్షను లేని వరంగల్‌ను మనం ఊహించలేం. రైలు తెల్లవాడు ఇచ్చిన వరం అంటారు. సౌకర్యమే, కాదనను. అయితే ఎవరి పైకంతో, ఎవరి లాభానికి అని కూడా అడగాలి. సికిందరాబాదు నుంచి వరంగల్ మీదుగా బెజవాడకు 1889కల్లా లైను పడింది. దాన్ని కట్టించిన కంపెనీని 1883లో లండనులో పెట్టారు. పెట్టుబడి పెట్టిన షేరుదార్లకు నూటికి అయిదు వడ్డీ తప్పకుండా ఇస్తామని నిజాము ప్రభుత్వం పూచీ రాసిచ్చింది. రైలు నిండినా నిండకపోయినా వాళ్ల అయిదు వాళ్లకు ముట్టాలి. అందుకే ఆ రైల్వే పేరులోనే 'గ్యారంటీడ్' అన్న మాట ఉండేది. నష్టం వస్తే మనది, లాభం వస్తే పంపకం. మనింటి మీదుగా దారి వేసుకుని, దారి ఖర్చుకు మనచేత హామీ సంతకం పెట్టించుకున్నట్టు.

ఆ సంవత్సరమే హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్లు ఈ రైలు పథకం వివరాలు జనానికి చెప్పాలి, చర్చ జరగాలి అని అడిగారు. చాందా రైల్వే ఆందోళన అంటారు దాన్ని. అడిగినందుకు డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయను రాజ్యం నుంచి బహిష్కరించారు. ఆయన ఎవరో కాదు, సరోజినీ నాయుడు తండ్రి. అప్పటికి సరోజినికి నాలుగేళ్లు. తర్వాత ఆయన్ను మళ్లీ పిలిపించారనుకోండి. ఆ చాందా లైను కాజీపేట నుంచి బల్లార్షా దాకా పూర్తి కావడానికి 1920ల చివరిదాకా పట్టింది. మద్రాసు నుంచి ఢిల్లీకి మన మీదుగా బండ్లు నడవడం అప్పుడే మొదలైంది. 1930లో నిజాము ప్రభుత్వం ఆ రైల్వేను డబ్బిచ్చి కొనుక్కుంది.

రైలుకు బొగ్గు కావాలి. ఇల్లందు దగ్గర బొగ్గుందని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. 1886లో లండనులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కు ఇచ్చారు. షేర్లలో ఎంత గోల్‌మాల్ జరిగిందంటే 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ సంఘం వేయవలసి వచ్చింది. 1889లో తవ్వకం మొదలు. అదే నేటి మన సింగరేణి. 1945లో నిజాము ప్రభుత్వం ఎక్కువ షేర్లు కొనేదాకా దాని పెత్తనం సముద్రం అవతలే ఉంది. సింగరేణి ఉద్యోగులున్న ఇళ్లు మన ఊళ్లో ఎన్నో. ఆ జీతం రాళ్లు మంచివే. కాని మొదటి అరవై ఏళ్ల లాభం ఎక్కడికి పోయిందో తెలిసి ఉండడం కూడా మంచిదే.

జెండా లేకుండా ఇంట్లోకి వచ్చేవి ఇంకా చిత్రమైనవి ఉన్నాయి. పోర్చుగీసువాళ్లు వరంగల్‌ను ఏలలేదు. అయినా మన అలమార, తువ్వాలు, బొత్తాము, మేస్త్రీ, ఇస్త్రీ, పీపా అన్నీ వాళ్ల మాటలే. మిరపకాయ కూడా వాళ్ల ఓడల మీదే అమెరికా ఖండం నుంచి మన తీరానికి వచ్చింది. రుద్రమదేవి కాలంలో మన కోటలో కారం అంటే మిరియమే. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్టు నిండా ఎర్రటి బస్తాలు! మన చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎవరో తెచ్చినదాన్ని మన నేల తనదిగా చేసుకుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇలా ఉండాలి.

తివాచీ సంగతి అలా కాలేదు. అది మన ఊరి సొంత విద్య గనుక కాస్త నిదానంగా చెబుతాను.

వరంగల్ తివాచీలు ఒకనాడు లోకప్రసిద్ధి. 1851లో లండనులో గాజు భవనం కట్టి పెద్ద ప్రదర్శన పెట్టారు. మన రాజ్యం బ్రిటిష్‌ది కాదు, అయినా మన తివాచీ అక్కడికి వెళ్లింది. బర్డ్‌వుడ్ అనే దొర 1880లో భారతీయ శిల్పకళల మీద పుస్తకం రాస్తూ దాని గురించి ప్రత్యేకంగా రాశాడు. చదరపు అడుగుకు సుమారు 12,000 ముడులట! పట్టు వాడి కూడా రంగులు అంత పొందికగా కలిసినవి ఇంకెక్కడా లేవన్నాడు.

పన్నెండు వేల ముడులంటే ఏమిటో మన చేతుల్లోకి తెచ్చుకుని చూద్దాం. తివాచీలో ఒక్కో ముడి వేలితో వేసి, కత్తితో కోసి, పేడెతో కొట్టాలి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న చిన్న తివాచీకి 24 చదరపు అడుగులు. అంటే 2,88,000 ముడులు. ఒక మనిషి రోజుకు ఆరు వేల ముడులు వేశాడనుకోండి, నలభై ఎనిమిది రోజులు పడుతుంది. రంగులద్దకం, పడుగు ఎక్కించడం, ఇంట్లో ఆడవాళ్లు చుట్టే నూలు దీనికి అదనం. ఇప్పుడు ఒక సీమ వర్తకుడు వచ్చి "ఇదే పువ్వు కావాలి, సగం ధరకు కావాలి, వంద కావాలి" అంటాడు. నేతగాడు ఏం చేస్తాడు? ముడులు సగానికి తగ్గిస్తాడు. దూరం నుంచి చూస్తే పువ్వు అదే. దగ్గరకు వస్తే గీతలు మొరటు, నాలుగేళ్లకే అరుగుడు. వర్తకుడికి ఫరవాలేదు, అమ్ముడుపోయింది. తండ్రి దగ్గర సగం ముడుల పనే నేర్చుకున్న కొడుక్కి మాత్రం మొత్తం ముడుల పని ఎప్పటికీ రాదు.

మచిలీపట్నం తివాచీల గురించి ఆ బర్డ్‌వుడ్డే బాధపడ్డాడు. ఇంగ్లీషు వర్తకులు చౌక సరుకు తామే ఇచ్చి నేయిస్తున్నారు, వెనక వైపు అంతా సీమ పురికొసే అని. తెల్లవాళ్లలోనూ న్యాయం చెప్పినవాళ్లు ఉన్నారు, చెప్పినంత మాత్రాన వర్తకం ఆగలేదు.

రంగుల కథ కూడా ఇంతే. మన అద్దకం వాళ్లు ఎరుపుకు చిరివేరు, నీలానికి నీలిమందు, ఇంకో ఎరుపుకు లక్క వాడేవారు. రోజుల తరబడి నానబెట్టడం, ఉడకబెట్టడం. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు తారు నుంచి ఊదా రంగు తీశాడు. 1869కి వేరు లేకుండానే ఆ ఎరుపు కూడా చేశారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలం బజారుకొచ్చింది. పొట్లం విప్పి నీళ్లలో కలిపితే చాలు. సౌఖ్యంగానే ఉంది. కాని మొదట్లో వచ్చిన ఆ పొట్లాల రంగులు చాలా మటుకు ఎండకు వెలిసిపోయేవి. ఒక్క తరం పొట్లాలకు అలవాటు పడితే చిరివేరు తవ్వేవాళ్లూ, ఉడికించే పాకం తెలిసినవాళ్లూ లేకుండా పోయారు.

దీనికి తోడు జైళ్లు. ఖైదీల చేత తివాచీలు నేయించే అలవాటు బ్రిటిష్ జైళ్లలో మొదలై సంస్థానాలకు పాకింది. కూలి ఇవ్వనక్కర్లేని మనిషితో కూలికి నేసేవాడు ఎలా పోటీ పడతాడు? మన వరంగల్ సెంట్రల్ జైలు 1886 నాటిది. అక్కడి జంపఖానాలకు మంచి పేరుండేది. గట్టివే, తప్పు లేదు. పెద్ద ఆసుపత్రి కట్టడానికని 2021లో ఆ జైలును కూల్చేశారు.

అన్నీ తెల్లవాడి మీదికే నెట్టేస్తున్నావా అని అడుగుతారేమో. లేదు. 1934లో నిజామే కట్టించిన ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. దాన్ని 2002లో మూసినప్పుడు ఇక్కడ ఏ రెసిడెంటూ లేడు. ఆ సైరను కూతకు పొద్దు లెక్కపెట్టుకుని వంట చేసిన ఆడవాళ్లు ఇప్పటికీ మనలో ఉన్నారు. ఆ లెక్క మనం మనవాళ్లనే అడగాలి.

ముడుల తివాచీ పోయినా నేత పూర్తిగా పోలేదు. కొత్తవాడలో జంపఖానా నిలిచింది. ముడి లేకుండా పడుగు పేకలతో నేసేది గనుక పని తక్కువ, ధర అందుబాటులో ఉంటుంది. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఇంకోచోట నేసి ఈ పేరు పెట్టి అమ్మకూడదు.

ఈసారి జంపఖానా కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. ఒక మూల తిప్పి చూడండి. చేతి నేత అయితే రెండు వైపులా పువ్వు ఒకే తీరుగా ఉంటుంది, ఏది పైదో ఏది కిందిదో తెలియదు. ఒక వైపే బొమ్మ ఉండి, వెనక తెల్లబోయి ఉంటే అది అచ్చు వేసింది. అచ్చు వేసినవీ కొత్తవాడలో దొరుకుతాయి, చవకే, కావాలంటే కొనుక్కోండి. కాని నేసినదాని ధర పెట్టి కొనకండి. తడిపిన తెల్లగుడ్డతో అంచు మీద గట్టిగా రుద్దితే రంగు నిలుస్తుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. దుకాణాయన ఏమీ అనుకోడు. బేరం ఆడేటప్పుడు మాత్రం "ఇదే పువ్వు సగం ధరకు ఇస్తావా" అని అడక్కండి.